ఉత్తరపు గది వాల్వు

ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మా మామ రాదివోయె బాయిలర్ ముందే పడిపోయాడు. చలికాలానికి పొయ్యి వెలిగించే ముందు లోపల పట్టిన మసి గీకుతూ, చేతిలో బ్రష్షు అలాగే పట్టుకుని బొగ్గు కుప్ప మీదికి ఒరిగిపోయాడు. బట్టలు ఆరేయడానికి నేను నేలమాళిగలోకి దిగి చూస్తే ముఖం సగం మసితో నల్లగా, మిగతా సగం సున్నంలా తెల్లగా ఉంది. నోరు ఒక పక్కకి జారిపోయింది. ఆ నోటితోనే, "పొగగొట్టం మూత తెరిచే ఉంది. ముందది మూయి," అన్నాడు. అంబులెన్సుని పిలవమని మాత్రం అనలేదు.

మూడు వారాలకి ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు.

ఎక్కడ పడుకోబెట్టాలన్న మాట వచ్చింది. ఆయన కొడుకు, నా భర్త తిహోమిర్ బెల్‌గ్రేడ్ బస్సు నడుపుతాడు. రెండు రోజులు రోడ్డు మీద ఉంటే ఒక రోజు ఇంట్లో ఉంటాడు.

"వంటింటి పక్క గదిలో ఉంచుదాం. కింద బాయిలర్ ఉంటుంది కాబట్టి వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

"పైన ఉత్తరపు గది నయం," అన్నాను. "స్నానాలగది ఆనుకునే ఉంది. రోజుకి నాలుగుసార్లు ఎత్తి దించాల్సింది నేను కదా."

తిహోమిర్ నా వైపు చూశాడు. తల ఊపి, మంచం విప్పడానికి స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ గది సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పెళ్లయి ఈ కొండ ఊరు నోవా వారోష్ వచ్చాక మూడు చలికాలాలు అందులోనే గడిపాను. ఆ ఇల్లు మామ తన చేతులతో కట్టుకున్నది. కూల్చేసిన బడి నుంచి పోత ఇనుప రేడియేటర్లు తెచ్చాడు. ముంజేతి లావు గొట్టాలు గోడల వెంట నడిపించాడు. నేలమాళిగలో బొగ్గు బాయిలర్, కాగి పొంగిన నీళ్లు చేరడానికి అటక మీద తొట్టి. మోటారు లేదు. కాగిన నీళ్లు వాటంతట అవే పైకెక్కి గదులన్నీ తిరిగి, చల్లారి కిందికి దిగుతాయి. నలభై ఏళ్లలో ఒక్క చుక్క కారలేదని పండగకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. గదుల్లో రేడియేటర్లకి తిప్పుకునే పిడులు ఉండవు, పీకేశాడు. వాల్వులన్నీ బాయిలర్ పక్క గోడకి వరసగా, ఆయన చేతికింద ఉండేవి.

ఆయన తిట్టేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. కిందికి దిగి ఉత్తరపు గది వాల్వు తిప్పేసేవాడు. అడక్కుండా కుట్టుపనికి కుదిరినందుకు వారం రోజులు. అతిథుల ముందు ఆయన చెప్పిన తేదీ తప్పని అన్నందుకు పది రోజులు. పొద్దున తిప్పితే సాయంత్రానికి రేడియేటర్ చల్లబడేది. ముట్టుకుంటే ఎక్కడో అడుగున ప్రాణం ఉన్నట్టు కొద్దిపాటి వెచ్చదనం తగిలేది. మా అమ్మాయి యాస్నాకి ఆ గదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. చాచాక్‌లో మా అక్క ఫ్లాటుకి పంపించాం, వసంతం దాకా అనుకుని. మళ్లీ చలికాలం రాగానే మళ్లీ పంపాం. నాలుగో ఏడు వచ్చేసరికి పిల్ల మా అక్కని అమ్మా అంటోంది, నన్ను పేరు పెట్టి దెసాంకా అంటోంది. ఇక అక్కడే పెరిగింది.

నవంబరు అంతా మామ నాకు బాయిలర్ నడపడం నేర్పాడు. మంచం మీంచి, ఎడమ చెయ్యి ఊపుతూ.

"నిప్పుల కింది జల్లెడ కదిపావా?"

"కదిపాను మామయ్యా."

"ఎట్లా కదిపావు? పిండి జల్లించినట్టు కాదు. రెండుసార్లు గట్టిగా లాగి వదలాలి. సూది తప్ప ఇంకేదీ ఇమడదు నీ చేతికి."

"బూడిద బాగానే రాలింది."

"వేడి చూపే ముల్లు ఎంత మీద ఉంది?"

"డెబ్భై."

"తొంభై దాటిందో నువ్వుండవు, నేనుండను. అటక మీద తొట్టి నిండిందని ఎట్లా తెలుస్తుంది?"

"స్నానాలగదిలో సన్న గొట్టంలోంచి నీళ్లు పడతాయి. పడగానే కుళాయి కట్టెయ్యాలి."

"చిలకలా అప్పజెప్పడం వచ్చింది. చెయ్యడం వచ్చినప్పుడు చూద్దాం."

నిజానికి త్వరగానే వచ్చింది. ఎక్కడ గాలి చేరిందో గొట్టం గుడగుడను బట్టి పోల్చుకునేదాన్ని. తాళంచెవి పెట్టి రేడియేటర్ పక్కన మర తిప్పితే ముందు బుస్సుమని గాలి, వెనక నల్లటి నీళ్లు. వంగదీసిన చీపురుతో మసి తుడిచేదాన్ని. కింద ఒంటరిగా నిప్పు ముందు నిలబడితే, ఇన్నేళ్లూ ఈయన ఈ బాయిలర్‌ని ఎవరినీ ఎందుకు ముట్టనివ్వలేదో అర్థమైంది. ఇల్లంతా అక్కడ గుప్పిట్లో ఉన్నట్టుంటుంది.

నెలాఖరున యాస్నా ఫోన్ చేసింది. నర్సింగ్ పరీక్ష పాసయిందట. శనివారం విందు పెడుతున్నారు. "నువ్వూ రా దెసాంకా. అమ్మ నీకు పక్కెయ్యమంది," అంది. పై గదిలో మామకి చారు పట్టిస్తూ ఆ కబురు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. సంతోషం పట్టలేకేమో.

"ఆ దగ్గుల పిల్లేనా?" అన్నాడు. "నర్సమ్మ అయిందా! ఆ ఊపిరితిత్తులు మీ వైపు నుంచి వచ్చినవి. మా వాళ్లలో ఎవరికీ లేవు అట్లాంటివి."

గడ్డం మీద జారిన చారు తుడిచాను. గిన్నె కడిగి బోర్లించాను. నేలమాళిగలోకి దిగి ఉత్తరపు గది వాల్వు అర చుట్టు తిప్పాను. మర్నాడు ఇంకో అర చుట్టు. వారం తిరిగేసరికి ఇక తిరగనంతగా బిగించేశాను.

ఆయన మొదటి రోజే కనిపెట్టాడు. గొట్టంలో నీళ్ల చప్పుడు తెలియని మనిషి కాదు. కంబళి గడ్డం దాకా లాక్కుని నా ముఖం వైపు చూస్తూ పడుకున్నాడు. ఏమీ అడగలేదు. నేనూ అప్పట్లో ఏనాడూ అడగలేదు.

డిసెంబరు పంతొమ్మిదిన మా ఇంటి దేవుడి పండగ, సెయింట్ నికొలస్ రోజు. పాతికమంది వస్తారు. వచ్చిన ప్రతివాడూ పైకెళ్లి మామని పలకరించకుండా పోడు. రెండు రోజుల ముందే వాల్వు తెరిచాను. గది కాగిపోయింది. పండగకి ఉడికించిన పూజ గోధుమలు ఒక చెంచా మామ నోట్లో పెడుతూ చర్చి పూజారి, "అదృష్టవంతుడివి రాదివోయె, ఇట్లాంటి కోడలు దొరకడం," అన్నాడు.

"ఆ, ఆ," అన్నాడు మామ. "అన్నీ నా దగ్గరే నేర్చుకుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పండగ మర్నాడు, పళ్లేలు కడగడం కూడా కాకముందే, దిగి వాల్వు మూసేశాను.

తిహోమిర్ ఇంట్లో ఉన్న రోజుల్లో తండ్రి పక్కన ఓ గంట కూర్చునేవాడు. ఫుట్‌బాల్ సంగతులు చెప్పేవాడు. కిందికొచ్చి టీ అడిగేవాడు. రెండు చేతులతో కప్పు పట్టుకుని కిటికీలోంచి మంచు చూస్తూ తాగేవాడు.

జనవరి ఏడు దాటాక అసలు చలి వచ్చిపడింది. సున్నాకి ఇరవై ఏడు కింద. పక్కింటి కోళ్లు దొడ్లోనే గడ్డకట్టి చచ్చాయి. మూడో రోజు పొద్దున పది గంటలకి బాయిలర్‌లోకి రెండు బొచ్చెల బొగ్గు ఎక్కించి వంటింట్లోకి వచ్చాను. క్యాబేజీ తరుగుతుంటే పైనుంచి టంగుటంగుమని మోత. మామ రేడియేటర్ మీద మగ్గుతో కొడుతున్నాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి.

వచ్చాడు దారికి, అనుకున్నాను. రేడియో పెంచాను.

మోత ఆగలేదు. కాసేపటికి మోత రెండయింది. రెండోది పైనుంచి కాదు, కిందినుంచి. ఎవరో సుత్తితో నేలని లోపలినుంచి కొడుతున్నట్టు. వంటింటి రేడియేటర్ కీలు దగ్గర నుంచి వెంట్రుకంత సన్నగా నీళ్లు చిమ్మి నా మోచేతి మీద పడ్డాయి. చుర్రుమంది.

పైకి పరిగెత్తాను. మామ మంచం మీద లేడు. గుమ్మం దాకా ఎడమ మోచేత్తో పాకి వచ్చి, అక్కడ బోర్లాపడి ఉన్నాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"తొట్టి గడ్డకట్టింది," అన్నాడు. "ఊపిరాడక కొట్టుకుంటోంది బాయిలర్. వాల్వు పూర్తిగా మూశావా?"

చంక కింద చెయ్యి వేసి లేపబోయాను.

"పూర్తిగానా? అడిగేది నిన్నే!"

"పూర్తిగానే."

"గాడిదా! తొట్టికి వేడి ఈ గదిలోంచే పోతుంది. అదిగో ఆ మూలన గొట్టం, అదే పైకెక్కేది. నేనెప్పుడైనా పూర్తిగా మూశానా? చిటికెన వేలంత వదిలేవాణ్ణి."

"అది మా మీద జాలితో అనుకున్నాను," అన్నాను. ఆ పరిస్థితిలో కూడా ఆ మాటే వచ్చింది నోటికి.

"తొట్టి కోసం," అన్నాడు. "దిగు ఇక. నిప్పు మీద నీళ్లు పోశావో ఇల్లు లేచిపోతుంది. నిప్పులు బయటికి లాగు. బకెట్లలో లాగి మంచులో పారెయ్. బాయిలర్ గాలి తలుపు మూసెయ్. తర్వాత అటక ఎక్కి, సన్న గొట్టానికి వేడి గుడ్డలు చుట్టు. కొట్టకు, విరుగుతుంది. వెళ్లు!"

వెళ్లాను. ముల్లు నూరు దాటి ఇంకెక్కడికీ పోలేక వణుకుతోంది. పారతో నిప్పులు లాగాను, ఎనిమిది బకెట్లు. ఒక్కొక్కటి మెట్లెక్కి పెరట్లోకి మోసి మంచులోకి విసిరితే పాములు బుసకొట్టినట్టు చప్పుడు. కనుబొమ్మలు కాలాయి. ముంజేతి మీద తోలు లేచింది. అటక మీద తొట్టి మూత తీస్తే పలుగుతో పొడిచినా దిగని మంచు. కరెంటు పొయ్యి మీద నీళ్లు కాచి, గుడ్డలు ముంచి, పిండి, చుట్టి, మళ్లీ ముంచి. కింద నుంచి మామ అరుస్తున్నాడు, "కారిందా? కారిందా?" అని. గంటన్నరకి స్నానాలగదిలో గొట్టం దగ్గింది. తుప్పు రంగు నీళ్లు, మంచు పెళ్లలు సింకులో పడ్డాయి. కింద సుత్తి మోత ఆగింది.

అప్పటిదాకా ఆయన గుమ్మంలోనే పడి ఉన్నాడు. ఎత్తి మంచం మీద వేశాను. కాళ్లు రాయిలా ఉన్నాయి. మళ్లీ పొయ్యి రాజేసి ఉత్తరపు గది వాల్వు తెరిచాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు తిహోమిర్ వస్తూ గోయ్కో మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఊళ్లో ఇలాంటి పాత గొట్టాల సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే మిగిలాడు. కీలు దగ్గర జనపనార చుట్టి, కొత్త రబ్బరు వేసి బిగించాడు. జరిగింది నేను చెబుతుంటే వాల్వుల వరస ముందు నిలబడి విన్నాడు. ఆ తర్వాత పైకెక్కి, ముగ్గురం ఉండగా అడిగాడు.

"మంచమ్మీద మనిషి ఉండగా ఈ గది వాల్వు మూసింది ఎవరు?"

గొట్టంలో నీళ్లు పారుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

"నేనే మూయించాను," అన్నాడు మామ. "వేడి పడదు నాకు. నిద్ర పట్టదు."

"నీకు మతిపోయిందా తాతా? నువ్వే బిగించావు ఈ వ్యవస్థని. తొట్టి దీనికే వేలాడుతోందని నీకు తెలియదా?"

"మరిచిపోయాను. ముసలాణ్ణి."

తిహోమిర్ చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మేస్త్రీ," అన్నాను, "తొట్టికి ఈ గదితో పనిలేకుండా వేరే గొట్టం వెయ్యడం కుదురుతుందా? కిందనుంచి నేరుగా?"

"కుదరకేం. సన్న గొట్టం చాలు. మీటరుకి వేలెడు వాలు ఇచ్చి లాగితే ఇక ఈ గది తెరిచినా మూసినా తొట్టికి ఏమీ కాదు."

"ఈ పూటే వేసిపెట్టండి."

మామ తల తిప్పి నన్ను చూశాడు. ఆ గదిలో నేనెందుకు అడిగానో తెలిసింది ఆయనకి ఒక్కడికే అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి పని అయింది. గోయ్కో ప్లమ్ సారా రెండు గ్లాసులు తాగి వెళ్లాడు, తిహోమిర్ ఆయన్ని దింపడానికి వెళ్లాడు. మొక్కజొన్న సంకటి, పెరుగు తీసుకుని పైకెళ్లాను.

"వాలు సరిగ్గా ఇచ్చాడా గోయ్కో?" అన్నాడు మామ.

"ఇచ్చాడు."

"అయితే తొట్టికి ఇక భయం లేదు."

"లేదు." చెంచా నోటికి అందించాను. "తిహోమిర్‌కి ఎందుకు చెప్పలేదు?"

నెమ్మదిగా నమిలి మింగాడు. "చెబితే వాడేం చేస్తాడు? బాయిలర్ నడిపేది ఇంటికి ఒక్కళ్లే ఉండాలి. ఇన్నాళ్లూ నేను. ఇప్పుడు నువ్వు. చేతనయిందానివే. నిన్న నిప్పులు లాగిన తీరు వాడి వల్ల అయ్యేది కాదు."

ఆ ముద్ద మాటల్లో మెచ్చుకోలు ఉంది. ఇరవై రెండేళ్లలో మొదటిది. ఈయన నన్ను తన మనిషిగా లెక్కేసుకుంటున్నాడు. అది నేను తట్టుకోలేకపోయాను.

గిన్నె అక్కడే వదిలేసి కిందికి దిగాను. వాల్వు తిప్పాను. ఈసారి ఒకే ఊపున, చివరంటా.

ఫిబ్రవరి మూడో వారంలో దగ్గు మొదలైంది. డాక్టరమ్మ వచ్చి వీపు విని, మంచాన పడ్డవాళ్లకి ఇది మామూలేనంది. ఇంజెక్షన్లు రాసింది. ఆవిడ గేటు దాటకముందే దిగి వాల్వు పూర్తిగా తెరిచాను. కట్టెలు, బొగ్గు ఎక్కించి ముల్లు ఎనభై దాకా తెచ్చాను. రేడియేటర్ మీద చెయ్యి పెట్టలేనంత కాగింది. కిటికీ అద్దాల మీద మంచు కరిగి గట్టు మీదికి కారింది. నేను ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి కళ్లు తెరిచాడు. "తెరిచావా?"

"తెరిచాను మామయ్యా."

"ఎందుకూ? బొగ్గు దండగ." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "ఆ పిల్ల... నర్సమ్మ. వస్తుందా ఒకసారి?" అన్నాడు.

ఫోన్ చేస్తే వచ్చేదే. చాచాక్ ఎంత దూరమని.

"చలికాలంలో రాదు," అన్నాను. "ఈ ఇంట్లో దానికి పడదు."

మార్చి రెండున పోయాడు. యాస్నా సమాధి దగ్గరికి మా అక్క చెయ్యి పట్టుకుని వచ్చింది. నన్ను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది, పరామర్శకి వచ్చిన వాళ్లు పెట్టుకున్నట్టు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించి, చుట్టాలకి భోజనాలు పెట్టి పంపేశాక, నేనూ తిహోమిర్ వంటింట్లో కూర్చుని మిగిలిన చిక్కుడుగింజల కూర తింటున్నాం. బయట మంచు కరిగి చూరు నీళ్లు కారుతున్నాయి. నేను చెంచా కింద పెట్టాను.

"మీ నాన్నది వయసు జబ్బు కాదు," అన్నాను. "నవంబరు నుంచి ఆ గది వాల్వు మూసింది నేను. గోయ్కో వచ్చి వెళ్లాక కూడా మూశాను. ఆయన నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడు."

కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. పోలీసుల్ని పిలుస్తాడనో, పొమ్మంటాడనో, కనీసం చెంచా కింద పెడతాడనో.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"వచ్చినప్పుడల్లా ఆ గదిలో కూర్చునేవాణ్ణి కదా దెసా. చలి తెలియదా?"

"మరి ఎందుకు అడగలేదు నన్ను? నువ్వయినా దిగి ఎందుకు తెరవలేదు?"

తిహోమిర్ చేతిలో మిగిలిన రొట్టె ముక్కతో కూర గిన్నె తుడిచాడు. మంచి మనిషి. ఊళ్లో అందరూ అదే అంటారు, ఎవరితోనూ గొంతు పెంచని మనిషి అని.

"నువ్వూ పిల్లా ఆ గదిలో ఉన్నప్పుడు నాన్నని అడగలేదు," అన్నాడు. "ఇప్పుడు నిన్నేమని అడగను?"

ఇంకో రొట్టె ముక్క కావాలన్నాడు. కోసి ఇచ్చాను.